మీదే అనుకోన్రి

కరీంనగర్‌కు బదిలీ అయిన కొత్తలో నేనూ మా ఇంటామె ఇల్లు వెతుక్కుంటూ ఒక సందులోకి వెళ్లాం. మేడ మీద రెండు గదులు, వెనక వంటిల్లు, నల్లా ఇంట్లోనే. గాలీ వెలుతురూ బాగున్నాయి. పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో, మంచం ఎటు వేసుకోవాలో మా ఆమె అప్పుడే మనసులో సర్దుకుంటోంది. ఇంటాయన కూడా మర్యాదస్తుడే. కిరాయి మాట కుదిరింది. ఆయన సంతోషంగా చేతులు రుద్దుకుంటూ, "ఇగ ఏం ఫికర్ జెయ్యకున్రి. ఇల్లు మీదే అనుకోన్రి" అన్నాడు.

మా ఆమె గుమ్మం దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కుంది.

నేను ఆయనకు ఏదో సర్దిచెప్పి మెట్లు దిగేసరికి ఆమె సందు మలుపు దాకా వెళ్లిపోయింది. "గాయన ఏమన్నడని?" అన్నాను అందుకుని.

"ఏమన్నడో నువ్వినలేదా?" అంది.

విన్నాను. ఆ కరీంనగర్ ఆయన పాపం మామూలు మనిషే అయి ఉండవచ్చు. కానీ ఆ మాటను మేం మంచిర్యాలలో ఏళ్ల తరబడి మరొకాయన నోట విన్నవాళ్లం. దానికి వాసన ఉంటుందని మాకు తెలుసు.

ఆయన పేరు రాయను. పిల్లలు నొచ్చుకుంటారని కాదు. అది ఒక దేవుడి పేరు. అందరూ ఆయన్ను పటేలు అనే పిలిచేవారు. చెన్నూరు వైపు ఏదో ఊళ్లో భూములున్న కుటుంబం. డెబ్బయ్యో దశకంలో మంచిర్యాల పెరగడం చూసి, కొంత పొలం అమ్మి, స్టేషనుకు దగ్గరలో రైలుపెట్టెల వరసలాంటి పెంకుటిల్లు కట్టాడు. ముందు భాగంలో ఆయన ఉండేవాడు. వెనక వరసగా కిరాయి గదులు, అక్కడి మాటలో అర్రలు. అందరికీ కలిపి ఒక వాకిలి, ఒక చేదబావి, మూలన ఒక పాయిఖానా, దానికి అవతల బర్రెల కొట్టం. అప్పట్లో ఆ ఊళ్లో ఉద్యోగం దొరికినంత సులువుగా ఇల్లు దొరికేది కాదు. బొగ్గుబావుల పనికి వచ్చినవాళ్లు, రైల్వేవాళ్లు, ఆఫీసుల గుమస్తాలు, మాలాంటి పత్రికలవాళ్లు, అందరం సంచీ పట్టుకుని అక్కడే దిగేవాళ్లం. నాలుగు గోడలు, మీద కప్పు ఉన్నవాడు మాకు రాజు.

పటేలు తెల్లటి ధోవతి కట్టి, భుజాన కండువా వేసుకునేవాడు. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. మెత్తటి చేతులు. మాట్లాడుతూ ఆ చేతిని ఎదుటివాడి భుజం మీద వేసేవాడు. ఆయన తీసేదాకా మనం కదలడానికి లేదు. ఇప్పుడు తలచుకున్నా నాకు ముందు గుర్తుకొచ్చేది ముఖం కాదు, ఆ చేయి. కొంచెం వెచ్చగా, కొంచెం తడిగా.

మేం చేరిన రోజున ఒకే ఒక షరతు పెట్టాడు. "గోడలకు మొలలు కొట్టకున్రి సారూ. మొల గొడితె నా రొమ్ముల దిగినట్లయితది. ఇగ తక్కింది మీ ఇష్టం. ఇల్లు మీదే అనుకోన్రి."

ఎంత మంచి మనిషి దొరికాడో అనుకున్నాం. కేలెండరును కిటికీ ఊచకు కట్టుకున్నాం, అద్దాన్ని గూట్లో పెట్టుకున్నాం.

మొదటి వానకు వంటింట్లో కురిసింది. మా ఆమె పోయి చెప్పింది. పటేలు వెంటనే వచ్చాడు. చినుకు పడుతున్న చోట నిలబడి, తీర్థానికి పట్టినట్లు అరచెయ్యి పట్టి చూశాడు.

"వానకాలం గదా తల్లీ. ఆకాశానికే చిల్లివడ్డది. నేనేం జేతు?"

"పెంకులు సదిరిపియ్యాలె పటేలా."

"సదిరిపియ్యున్రి. నన్నడుగుడేంది? ఇల్లు మీదే అనుకోన్రి అని సెప్పలేదా?"

భాషతో బతికే వృత్తి నాది. అయినా ఆ వాక్యానికి అర్థం తెలియడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. అందులో 'ఇల్లు'కు బలం లేదు, 'మీదే'కు అంతకన్నా లేదు. బరువంతా ఆ చివరి మాట మీద ఉంది. అనుకోవడం మా వంతు. చెడిపోయినప్పుడు ఇల్లు మాది, చెడిపోనప్పుడు ఆయనది.

పొద్దున్నే ఆయన వాకిట్లో ఒక చుట్టు తిరిగేవాడు. కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్లు గోడలను వేలి కణుపులతో కొట్టి చూసేవాడు. సున్నం పెచ్చు లేచిన చోట ఆగి, దాన్ని గోటితో ఇంకా కొంచెం లేపి, "మీరు గీకిన్రా?" అని అడిగేవాడు. తర్వాత దగ్గు. ఆ దగ్గు వినబడిందంటే వంటింట్లోకి వస్తున్నాడని గుర్తు. అడగకుండా లోపలికొచ్చి, పొయ్యి మీది గిన్నె మూత తీసి, రెండు వేళ్లతో ఒక ముక్క తీసి నోట్లో వేసుకునేవాడు. వేళ్లు చీకుతూ, "ఉప్పు జర తక్కువైంది తల్లీ" అనేవాడు. మా ఆమె ముఖం చిట్లిస్తే నవ్వేవాడు. "నేనేం పరాయోన్నా?"

ఆ కూర మా ఆమె మళ్లీ ముట్టేది కాదు. కొన్నాళ్లకు దగ్గు వినగానే ఉన్న గిన్నెలన్నిటి మీద పళ్లాలు బోర్లించి, వాటి మీద రోకలి అడ్డం పెట్టడం నేర్చుకుంది.

ఒక ఎండాకాలం పాయిఖానా గుంత నిండి వాకిట్లోకి పొంగింది. కిరాయివాళ్లమంతా కలిసి, ఇంటి ముందు ఆయన కూర్చునే గద్దె దగ్గరికి వెళ్లాం. ఆయన కండువా చెంగుతో ముక్కు మూసుకుని, మా వైపు ఒక్కొక్కరినే చూశాడు.

"నిండదా మరి? నింపుతున్నదెవ్వలు? నేనా? నేను చెంబు వట్టుకోని ఊరవతల బాయికాడికి పోత. ఎవ్వలు జేసింది ఆళ్లు తీసుకునుడే ధర్మం."

మేమే మనుషుల్ని పిలిపించుకున్నాం. వాళ్లు ఆ గుంతలో దిగి పనిచేస్తున్నంతసేపూ పటేలు గద్దె మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుని తింటూ చూశాడు. అంతా అయిపోయాక తొక్కలు మా వాకిట్లోకే విసిరి, "సూడున్రి, ఎంత మంచిగైందో. ఇల్లు మనది అనుకుంటె గిట్లుంటది" అన్నాడు.

ఊళ్లో ఆయనకు చాలా మంచి పేరు. ఏటా కొండగట్టుకు పోయి తల వెంట్రుకలిచ్చి వచ్చేవాడు. వచ్చిన రోజు ప్రతి అర్ర గుమ్మానికీ తనే సిందూరం పెట్టేవాడు. వేలికి మిగిలింది మా గోడకు తుడిచేవాడు. తన గోడే కనుక అది తప్పు కాదు. ఎండలు ముదరగానే రోడ్డు పక్క తాటికమ్మల పందిరి వేయించి, కొత్త కుండలు పెట్టించి, తండ్రి పేరు మీద చలివేంద్రం నడిపేవాడు. ఆ ఎండల్లోనే మధ్యాహ్నాలు మా బావి గిలకకు తాళం పడేది. "బాయి గూడ జర ఊరాలె గదా" అనేవాడు. మేం చెంబులు పట్టుకుని రోడ్డు మీదికి పోయి ఆ చలివేంద్రంలో దాహం తీర్చుకునేవాళ్లం. "ఇంట్ల బాయి వెట్టుకోని ధర్మపు నీళ్లు తాగుడు మనకే వచ్చింది" అని మా ఆమె గొణిగేది. పటేలు మా చెంబుల్లోకి తనే నీళ్లు వంచి పోసి, పైకి చూసి దండం పెట్టుకునేవాడు.

పత్రికల్లో పనిచేస్తూ నేను దొంగలను చూశాను, దొమ్మీలు చేసినవాళ్లను చూశాను, మనిషిని చంపి వచ్చి స్టేషనులో బీడీ అడిగినవాణ్ని చూశాను. వాళ్ల మీద కోపం వచ్చింది, భయం వేసింది. రోత మాత్రం ఈయన దగ్గరే నేర్చుకున్నాను. వాళ్లు తలుపు పగలగొట్టి వచ్చారు. ఈయన తలుపు తీసి, రమ్మని పిలిచాడు.

మా పక్క అర్రలో తాలూకా ఆఫీసు టైపిస్టు ఒకతను ఉండేవాడు. నెమ్మదస్తుడు. భార్య, తల్లి. తల్లిని వాకిలంతా అవ్వ అనేవాళ్లం. పటేలు కంటే కొంచెం పెద్దదై ఉంటుంది. ఆయన మాత్రం అక్కా అని పిలిచేవాడు. అవ్వ మొగుడు బతికినన్నాళ్లూ ఒకరి దగ్గర జీతమున్నవాడు, పాలేరు. ఆ ఇంటివాళ్ల దొడ్లో ఒక మూల గుడిసె వేసుకుని ఉన్నారట. అక్కడే కొడుకును కన్నది, అక్కణ్నుంచే మొగుణ్ని సాగనంపింది. అలాంటి మనిషి ఈ అర్రలో అడుగుపెట్టిన రోజున పటేలు అలవాటు కొద్దీ అన్నాడు: "అక్కా, ఇల్లు నీదే అనుకో."

అవ్వ అనుకుంది. వాకిలి మొత్తం మీద ఆ మాటను నమ్మింది ఆమె ఒక్కతే.

మేం పెంకులు సదిరించుకున్నది విసుక్కుంటూ, లెక్కలు చూసుకుంటూ. అవ్వ మాత్రం ఎవరూ అడగకుండానే ఎర్రమన్ను తెచ్చి గోడల పగుళ్లు పూడ్చింది. పండుగ పండుగకూ తన అర్రకే కాదు, వాకిలి ప్రహరీకి కూడా సున్నం కొట్టింది. పొద్దున్నే బావి చుట్టూ ఊడ్చి, గద్దె ముందు పేడనీళ్ల సాన్పు చల్లి ముగ్గు పెట్టేది. కొట్టం పక్కన బీరపాదు పెట్టి పెంకుల మీదికి ఎక్కించింది. కాసిన మొదటి కాయ పటేలు ఇంట్లో ఇచ్చి వచ్చేది. ఆయన మిగతా మమ్మల్నందర్నీ పిలిచి చూపించేవాడు. "సూడున్రి మా అక్కను. కిరాయికున్నోళ్లు గిట్లుండాలె."

ఒకరోజు నేను వేళాకోళం చేశాను. "అవ్వా, పటేలు ఇల్లు నీ పేరు మీద రాసిచ్చిండా ఏంది?"

అవ్వ అలుకుగుడ్డ పిండుతూ నవ్వింది. "రాసిచ్చేదేంది బిడ్డా, నోటిమాట సాలదా? బుద్ధెరిగినకాన్నుంచి ఇల్లు నీదని నాతోని అన్నోడు లేడు. గీయననే అన్నడు. నేను సచ్చినా నా పాడె గీ ఇంట్లకెళ్లే లేవాలె."

రోడ్డుకు అవతల వైపు, పటేలు గేటుకు ఎదురుగా, సిస్టరమ్మ ఇల్లు. మిషను దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లోని సగం పిల్లలను చేతుల్లోకి అందుకుందని చెప్పుకునేవారు. మాట మోటు. ఇల్లు కట్టుకోక ముందు ఒక అర్ర కోసం పటేలును అడిగిందట. ఆయన చేయి ఆమె భుజం మీద వేయకుండా, "ఇల్లు నీదే అనుకో సిస్టరమ్మా, గని మా ఇంట్ల మడి, ఆచారం..." అన్నాడట. ఆమె మళ్లీ అడగలేదు. ఆ ఎదుటి జాగాలోనే ఒక అర్ర, ఒక వంటిల్లు వేసుకుని ఉండిపోయింది.

ఒక ఎండాకాలం అవ్వ పడిపోయింది. జ్వరం కాదు, నొప్పి కాదు. తిండి మానేసింది, చూపు మానేసింది. సర్కారు దవాఖానలో కొన్నాళ్లు ఉంచారు. ఒక మధ్యాహ్నం టైపిస్టు ఆమెను రిక్షాలో తీసుకొచ్చాడు. కోడలు అవ్వ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చలివేంద్రం పందిరి పక్కన రిక్షా ఆగింది. మేం వాకిట్లోంచి లేచి ఎదురువెళ్లేలోపే పటేలు గద్దె దిగి, గేటు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పగటిపూట ఆ గేటు మూసి ఉండగా నేను చూడలేదు. ఆయన చంకలో పంచాంగం ఉంది.

"ఎట్లున్నది అక్కకు?"

"ఇంటికి తీస్కపొమ్మన్నరు పటేలా" అన్నాడు టైపిస్టు. "ఇగ మా చేతుల లేదన్నరు."

"అయ్యో" అని పటేలు కండువాతో కళ్లొత్తుకున్నాడు. నటన కాదు. నిజంగానే తడి వచ్చింది. దాన్ని చూసినందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "తోడబుట్టిందానోలె ఉండె. గని బిడ్డా, జర సమజ్ జేస్కో. పొద్దటిసంది ధనిష్ఠ నడుస్తున్నది. దానెన్క నాలుగు సుక్కలు ఒకదానెంట ఒకటి. అన్ని మంచియి గావు. గిసొంటప్పుడు ఇంట్ల పానం పోతే ఇల్లు ఆర్నెల్లు పాడువెట్టాలె. తాళమేసి అందరం ఎల్లిపోవాలె. ఇండ్ల ఎన్ని కుటుంబాలున్నయో సూడు. మన సారువాళ్లున్నరు. ఆళ్లనందర్ని పరేషాన్ జేస్తమా?"

మా పేరు చెప్పి తప్పుకోవాలని చూశాడు. "మాకేం పరేషాన్ లేదు పటేలా. గేటు తియ్యున్రి" అన్నాను. మిగతా అర్రలవాళ్లు కూడా అదే అన్నారు.

మా ఆమె ముందుకొచ్చింది. "ఆళ్ల అర్రల వద్దంటె మా అర్రల పండవెడ్తం. ఆర్నెల్లు కాకుంటె ఏడాది పాడువెట్టుకుంటం."

పటేలు మెల్లగా నవ్వాడు. "మీ అర్ర యాడిది తల్లీ? ఇది నా ఇల్లు."

అన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. చాలా మామూలుగా అన్నాడు. అంత స్పష్టంగా, తడుముకోకుండా ఆయన ఏ మాటా అనలేదు.

కోడలు ఒళ్లో అవ్వ కళ్లు తెరిచింది. గేటు వైపు, గేటు మీదుగా కనబడుతున్న బీరపాదు వైపు చూసింది.

"ఎవ్వల ఇల్లు?" అంది.

టైపిస్టు రిక్షా పట్టె పట్టుకుని తల దించుకున్నాడు.

పటేలే మాట కలిపాడు. "నేనేం కసాయోన్ని గాదు. ఎన్క కొట్టమున్నది. బర్రెలను ఇడిపిస్త, గడ్డి పరిపిస్త. కొట్టానికి పట్టింపు లేదు. ఎన్క దర్వాజకెళ్లి తీస్కపోన్రి."

అప్పుడు సిస్టరమ్మ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో విసనకర్ర ఉంది. రిక్షాలోకి వంగి అవ్వ నాడి పట్టి చూసింది. పటేలు వైపు చూడకుండానే, "నీ పంచాంగంల బర్రెలకు పట్టింపు లేదంటనా?" అంది. తర్వాత రిక్షావాడితో, "మలుపు బిడ్డా. మా ఇంటికి వట్టు."

"సిస్టరమ్మా, మీ మతం ఏరు, ఆళ్ల మతం ఏరు" అన్నాడు పటేలు. "సుక్క మంచిది లేదని సెప్తున్న గదా. నీ ఇంటికే దోషం."

"మా ఇంట్ల ఒక్కటే సుక్క పటేలా. క్రిస్మసుకు కట్టేది, కాయితంది. అది ఎవ్వల్ని ఎల్లగొట్టది."

రిక్షా మళ్లింది. మేమంతా తలా ఒక చెయ్యి వేసి అవ్వను సిస్టరమ్మ మంచం మీద పడుకోబెట్టాం. అవ్వ గోడలు చూసింది. పెంకులు చూసింది. తెలియని చోటని తెలిసింది.

"గిదెవ్వలిల్లు?" అని మళ్లీ అడిగింది.

"నాదే" అంది సిస్టరమ్మ, నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూ. "నాదే. నువ్వు పండుకో."

పటేలు అన్న 'ఇది నా ఇల్లు', సిస్టరమ్మ అన్న 'నాదే', ఆ రెండు మాటలను నేను చాలాకాలం పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇల్లు నాదే అనడానికి మనిషికి ఏ హక్కు కావాలో ఆ పూట తెలిసింది. కిరాయి తీసుకునేవాడి బాధ్యత ఏమిటని ఎవరైనా అడిగితే పుస్తకాల్లో ఉన్నవి చాలానే చెప్పవచ్చు. కప్పు కురవకూడదు, నీళ్లు అందాలి, మురుగు పోవాలి, చెప్పకుండా లోపలికి రాకూడదు. ఇవన్నీ చేయనివాణ్ని పిసినారి అని ఊరుకోవచ్చు. కానీ ఒకరికి ఇల్లు ఇచ్చామంటే వాళ్ల బతుకుతోపాటు చావుకు కూడా చోటు ఇచ్చినట్లే. బతికినన్నాళ్లూ కిరాయి తీసుకుని, చచ్చే పూటకు గేటు మూసేవాడు ఇల్లు ఇవ్వలేదు. సత్రంలో కొంత చోటు చూపించాడు, అంతే. సత్రంవాడైనా ఇల్లు నీదే అనుకో అని అబద్ధం చెప్పడు.

అవ్వ సిస్టరమ్మ ఇంట్లోనే పోయింది. పాడె అక్కణ్నుంచే లేచింది. లేచిన కాసేపటికి పటేలు తన గేటు ముందు పసుపునీళ్లు చల్లించాడు. అవతలి వైపే నిలబడి దండం పెట్టి, "పుణ్యాత్మురాలు" అన్నాడు. కొడుకుతో కూడా ఓదార్పుగా మాట్లాడాడు. "దినాలన్ని ఎల్లినంక రా బిడ్డా. నీ అర్ర నీకే ఉంటది. ఇల్లు నీదే అనుకో."

దినాలు వెళ్లాక టైపిస్టు వచ్చాడు, సామాను తీసుకుపోవడానికి. ఎడ్లబండి నిండుతుంటే పటేలు అర్రలోకి పోయి గోడలు కొట్టి చూశాడు. వెనక గోడకు, తలుపు చాటున ఒక మొల కనబడింది. దానికి అవ్వ మొగుడి ఫోటో వేలాడుతుండేది. అన్నేళ్లూ ఆయన కంటబడకుండా ఎలా ఉందో తెలియదు.

"మొల కొట్టిన్రు" అన్నాడు పటేలు. నిజంగా గుండెలో దిగినట్లే అన్నాడు. "ఒక్కటే మాట సెప్పిన మీకు. గా ఒక్కటి గూడ ఇనకపోతిరి. గంత సున్నం వెట్టి పూడిపిచ్చి పో బిడ్డా."

టైపిస్టు ఏనాడూ గొంతు ఎత్తినవాడు కాదు. అప్పుడూ ఎత్తలేదు. ఆ మొలను అటూ ఇటూ కదిపి చేత్తోనే పీకాడు. వేలు చీరుకుంది. పటేలు అరచేయి చాపించి అందులో పెట్టాడు.

"గీ మొల మీదే అనుకోన్రి పటేలా."

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పటేలుకు అందులో నవ్వేదేమీ కనబడలేదు. మొలను కండువా కొసకు ముడి వేసుకున్నాడు. ఇనుము పనికొస్తుంది.

నేను ఈ సంగతి రాసి పంపాను. మా డెస్కులో పెద్దాయన ఫోన్లో నవ్వాడు. "ప్రతి ఊర్ల జరిగేదే గదయ్యా. రోజు జరిగేది వార్త ఎట్లయితది?" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ చూశాను. కిరాయి ఇంటి శవం రోడ్డు మీద, చెట్టు కింద, బండి మీద, ఎక్కడైనా ఉండేది. గడప లోపల మాత్రం ఉండేది కాదు. మరీ ఎక్కువగా జరిగేది వార్త కాదు కాబట్టి అది ఏనాడూ అచ్చు కాలేదు.

మేమూ ఆ వానాకాలం రాకముందే ఖాళీ చేశాం. మళ్లీ ఆ వీధికి పోలేదు. తొంభయ్యో దశకంలో ఒక ఎండాకాలం మంచిర్యాలలో ఏదో పని మీద ఉండగా పటేలు పోయాడని తెలిసింది. కరీంనగర్ దవాఖానలో పోతే శవాన్ని వ్యానులో తీసుకొచ్చారట. వెళ్లకుండా ఉండలేకపోయాను. ఎందుకు వెళ్లానో అడిగితే చెప్పలేను.

పెంకుటిల్లు లేదు. అదే జాగాలో మూడంతస్తుల బంగళా లేచింది. ప్రతి అంతస్తు పిట్టగోడ మీదా ఎవరెవరివో చీరలు ఆరుతున్నాయి. గేటు మూసి ఉంది. గేటుకు బయట, రోడ్డు పక్క మురుగుకాలువ గట్టున, ఒక చిన్న షామియానా. దాని కింద బెంచీ మీద, వరిపొట్టులో ఉంచిన మంచుగడ్డల నడుమ పటేలు. మంచు కరిగి, పొట్టును తోసుకుంటూ కాలువలోకి కారుతోంది. షామియానా చాలక ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. పక్కనే, కొత్త కుండలతో చలివేంద్రం.

చెప్పులు విడిచి, దగ్గరికి పోయి దండం పెట్టాను. పెద్దకొడుకు నన్ను గుర్తుపట్టాడు. చేయి నా భుజం మీద వేశాడు.

"లోపలికి తీస్కపోలేదా?" అన్నాను.

"నక్షత్రం మంచిగ లేదు సార్. లోపలికి తీస్కపోతే ఆర్నెల్లు పాడువెట్టాలె. మూడంతస్తుల కిరాయికున్నోళ్లు ఉన్నరు. ఖాళీ జేసి పోతమంటున్రు. బాపు గూడ ఉంటే గిదే అనేటోడు."

అది నిజం. ఆయనే అనేవాడు. నాకు జాలి వేస్తుందేమోనని ఒక నిమిషం ఎదురుచూశాను. పోనీ, తృప్తి కలుగుతుందేమోనని కూడా చూశాను. రెండూ రాలేదు. పాయిఖానా గుంత ఎదుట బత్తాయి తింటున్న మనిషి గుర్తుకొచ్చి నోరు చేదెక్కింది. చలివేంద్రంలో నీళ్లు తాగడానికి చెయ్యి రాలేదు. రోడ్డు దాటి సిస్టరమ్మ ఇంటికి వెళ్లాను.

బాగా ముసలిదయింది. గడపలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. నా గొంతు విని గుర్తుపట్టింది. లోపల కుండలోంచి ముంచుకోమంది. నేను తాగుతుంటే షామియానా వైపు చూపించింది.

"ఎండల వెట్టిన్రు సూడు. మా ఇంట్ల పండవెడ్దం, తేన్రి అని పొద్దున్నే అడిగి పంపిన. పెద్దోడు వద్దన్నడు. నా ఇంట్ల వెడితె ఇజ్జత్ పోతదట. రోడ్డు మీద వెడితె పోదట." విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. "నీ మాటైతే ఇంటరు బిడ్డా. జర నీడకన్న జరుపుమని చెప్పు. మొకం కాలుతున్నది."

చెంబు బోర్లించి మళ్లీ రోడ్డు దాటాను. పెద్దకొడుకు దగ్గరికి వెళ్లి, "మీ బాపు మీద ఎండ వడుతున్నది. కొంచెం ఇటు జరిపిస్తె నీడ ఉంటది" అన్నాను.

అతను తండ్రి వైపు కాదు, నా వైపు చూశాడు. నా నుదుటి మీది చెమట చూసి నిజంగా నొచ్చుకున్నాడు.

"అరె, మీరేంది సార్ ఎండల నిలవడ్డరు?" అని గేటు గడియ తీశాడు. "లోపల పంక ఉన్నది, కుర్చీలున్నయి. రాన్రి, కూసోన్రి. ఇల్లు మీదే అనుకోన్రి."

నేను విడిచిన చెప్పులు వెతికి తొడుక్కున్నాను.